పప్పు లేని పథ్యం

మా నాన్నను బాపు అనేవాళ్లం. బాపు నడుస్తూ పోతే దారంతా పలకరింపులే. ఆదివారం పొద్దున మెట్టుగూడ నుంచి మోండా మార్కెట్‌కు నన్ను వెంటబెట్టుకుని వెళ్లేవాడు. టైలరు దగ్గర ఆగేవాడు, ఇస్త్రీ బండి దగ్గర ఆగేవాడు, ముఖపరిచయం లేని సోడా బండివాడి దగ్గరా ఆగేవాడు. నాకు ఒళ్లు మండేది. "బాపూ, జెర జల్ది నడువు, మంచి వంకాయలన్నీ అయిపోతయి" అని చేయి పట్టి గుంజేదాన్ని. ఆయన నవ్వేవాడు. పిక్కలు పట్టేసినప్పుడల్లా నిలబడటానికి ఆ కబుర్లు సాకని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఆ ఆదివారాలు మళ్లీ వస్తే ఇస్త్రీ బండి దగ్గర గంటసేపైనా నిలబడతాను.

బాపు లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టరు. సిగరెట్లు ఆయన కాళ్లలో రక్తనాళాలను మూసేశాయి. నేను డిగ్రీ చదివేటప్పుడు కొత్త చెప్పు కరిచి ఆయన కాలి బొటనవేలి మీద పుండు పడింది. ఆసుపత్రిలో సన్నని గొట్టం పంపి నాళం తెరిచారు. ఇక మానుతుందన్నారు. మానలేదు. మా తాతకు కూడా ఇలాగే పుండుతో మొదలై మోకాలి దాకా తీసేశారు. అందుకే ఇంట్లో ఎవరమూ ఆ మాట పైకి అనేవాళ్లం కాదు.

బాపు తల్లి, మా బాపమ్మ, వంటింటిని చేతిలోకి తీసుకుంది. "పుండున్నోడు పప్పు తింటే చీము వడ్తది" అని మొదట పప్పు మాన్పించింది. తర్వాత గుడ్డు వేడని, పెరుగు నెమ్మని, వంకాయ దురదని ఒక్కొక్కటే పోయాయి. చూడటానికి వచ్చినవాళ్లు యాపిల్స్ తెచ్చి, వెళ్తూ వెళ్తూ ఇంకో కూరను నిషేధించి పోయేవారు. ఆ యాపిల్స్ కూడా చలువేనట, మేమే తిన్నాం. చివరికి బాపుకు మిగిలింది బీరకాయ, చారు, అన్నం. లంఖణం పరమౌషధం అని పక్కింటాయన మెచ్చుకున్నాడు. ఆ మాటన్న నోటితోనే మా అమ్మ వేసిన మిర్చిబజ్జీలు నాలుగు లాగించాడు!

బాపు ఒక్కనాడూ విసుక్కోలేదు. పక్కింట్లో పప్పుకు పోపు పెడితే మాత్రం కిటికీ వైపు చూసేవాడు. అప్పుడు నాకు ఏడుపొచ్చేది.

తర్వాతిసారి ఆసుపత్రికి వెళ్తే డాక్టరమ్మ పుండు చూసింది, రక్తపరీక్ష కాగితం చూసింది. ఏం తింటున్నారని అడిగింది. బాపమ్మ గర్వంగా అంతా చెప్పింది.

"అమ్మా, పైపు మేం బాగు చేసినం. అండ్ల మంచి నీళ్లు రావాలె గదా," అంది డాక్టరమ్మ. "ఈయన రక్తంల సత్తువే లేదు. కొత్త కండ దేంతోని వస్తది? పప్పు, గుడ్డు, పాలు, ఆకుకూర, జాంపండు, అన్నీ పెట్టున్రి. గిట్లనే ఉంటే వేలు తీసెయ్యాల్సొస్తది. ఆడికే ఆగుతదని చెప్పలేను."

ఆ సాయంత్రం అమ్మ పాలకూర పప్పు వండితే బాపమ్మ వద్దనలేదు గానీ, బాపు తినడం అయ్యేదాకా గేటు దగ్గర అటు తిరిగి కూర్చుంది. "ఇంకింత వెయ్యి" అని బాపు అడగడం లోపలి నుంచి వినిపించింది. ఎన్నాళ్లకు విన్నామో ఆ మాట!

ఆ తర్వాత అమ్మ కట్టు మార్చినప్పుడల్లా బాపమ్మ వచ్చి వంగి చూసేది, చీము కోసం. చీము పట్టలేదు. పుండు అంచుల్లో మెల్లగా ఎర్రని కండ వచ్చింది. రెండు నెలలకు డాక్టరమ్మ "వేలు దక్కింది" అంది. మేమంతా నవ్వుతుంటే బాపమ్మ కొంగు పట్టుకుని ముందుకొచ్చింది.

"డాక్టరమ్మా, ఒకటడుగుత. మా ఇంటాయిన కాలు తీసెయ్యక ముందు నేనే పప్పు వెట్టిన. అడిగిండని వెట్టిన. నీ పప్పే నా కొడుకు కాలు తిన్నదని మా అత్త సచ్చేదాంక అన్నది. అయితే... అది పప్పుతోని కాదా?"

"కాదమ్మా."

"ఒట్టేనా?"

డాక్టరమ్మ లేచి ఆమె చేయి పట్టుకుంది. "ఒట్టు" అంది.

ఆ మధ్యాహ్నం బాపమ్మ అమ్మను పిలిచి తన కంచంలో పప్పు వేయించుకుంది. అమ్మ కాపురానికి వచ్చాక బాపమ్మ పప్పు తినడం అదే మొదటిసారి.