దక్షిణపు గోడ మీద డిసెంబరు ఎండ

నేను రిటైర్ కావడానికి మూడేళ్ల ముందు, అక్టోబరు చివరి వారంలో, మిషిగన్ రాష్ట్రం ట్రాయ్‌లోని ఒక ఇంటి అంచనా పని నాకు అప్పగించారు. ఎండతో ఇళ్లు వేడి చేసే పరికరాలు బిగించే చిన్న కంపెనీలో నేను సీనియర్ ఎస్టిమేటర్‌ని. నా పైన డిజైన్ ఇంజనీరు ఉండేవాడు, కింద ఎవరూ లేరు. అందుచేత ఆ సీనియర్ అన్నది నా నెరిసిన తలను చూసి ఇచ్చారని నా అనుమానం. చలికాలంలో ఇంటికి ఎంత వేడి కావాలో, అందులో సూర్యుడు ఎంత ఇవ్వగలడో లెక్క కట్టడం నా పని. నవంబరు మొదలు ఆకాశం మూకుడు బోర్లించినట్టుండే ఊళ్లో ఇదేం ఉద్యోగమని మా బంధువులు నవ్వేవారు.

ఇంటి యజమాని మురళి కార్ల కంపెనీలో ఇంజనీరు. ఆయన భార్య సుజాత దక్షిణం చివరి గదిలో పిల్లలకు కూచిపూడి నేర్పేది. ఇల్లంతా వేడి చేసే ఫర్నేస్ గాలి ఆ గది దాకా సరిగ్గా చేరేది కాదు. వట్టి కాళ్లతో ఆడాల్సిన పిల్లలు గడ్డకట్టిన నేల మీద ఎగిరి గంతులేసేవారు, అదీ తాళానికి సంబంధం లేకుండా. కిందటేడు ఇద్దరు మానేశారు. ఈసారీ ఇలాగే ఉంటే మిగతావాళ్లను స్విమ్మింగ్‌లో చేరుస్తామని తల్లులు చెప్పేశారట.

“ఈ వింటర్ రూమ్ వార్మ్‌గా లేకపోతే క్లాస్ క్లోజ్ చేసెయ్యాల్సిందే అంకుల్” అంది సుజాత, టీ ఇస్తూ. ఆ అమ్మాయి గొంతు విన్నాక ఈ పని చెడగొట్టకూడదని గట్టిగా అనుకున్నాను.

నేను చూసిన తెలుగువాళ్ల ఇళ్లలాగే ఇదీ తూర్పు ముఖం ఇల్లు. కప్పు వాలు తూర్పుకీ పడమరకీ ఉంది. డిసెంబరు సూర్యుడేమో దక్షిణాన, తక్కువ ఎత్తులో, మొహమాటానికి వచ్చిన చుట్టంలా కాసేపు కనబడి వెళ్లిపోతాడు. అతన్ని పట్టుకోవాలంటే దక్షిణపు గోడే గతి. నిలువు గోడ మీద మంచు కూడా నిలవదు.

“సౌత్ వాల్ వద్దంకుల్. వాస్తు ప్రకారం అక్కడ ఓపెనింగ్ ఉండకూడదు” అన్నాడు మురళి. ఇల్లు కొన్న వారంలోనే అక్కడి కిటికీ మూయించాడట. మా పరికరం గాజు మూత ఉన్న ఒక నల్ల రేకు పెట్టె. గదిలోని చల్లగాలి గోడ కింది కన్నంలోంచి పెట్టెలోకి పోయి, వేడెక్కి, పై కన్నంలోంచి తిరిగి వస్తుంది. ఆ రెండు కన్నాల దగ్గరే పేచీ వచ్చింది.

వారం రోజులు వాదించి లాభం లేక, విజయవాడలో ఉన్న వాళ్ల సిద్ధాంతిగారికి వీడియో కాల్ చేయించాను. ఆయన పెట్టె బరువు అడిగారు, చెప్పాను. దక్షిణాన బరువు శ్రేష్ఠమనీ, గాలి ఇంట్లోంచి ఇంట్లోకే తిరుగుతోంది కనుక అది ద్వారం కిందికి రాదనీ తేల్చేశారు. మా డిజైన్ ఇంజనీరు ఏనాడూ అంత త్వరగా ఒప్పుకోలేదు.

ఆ గెలుపు నా తలకెక్కింది. మురళి అక్టోబరులో రెండు వారాలు సెన్సర్ పెట్టి కొలిచిన ఎండ లెక్కలు చూపిస్తే, అవి పెళ్లిచూపుల నాటి మర్యాదల్లాంటివని నవ్వి పక్కన పెట్టాను. మబ్బు రోజులన్నీ కలిసిన, ఏళ్ల తరబడి రాసిన రికార్డుల్లోని డిసెంబరు సగటునే తీసుకున్నాను. గదిలో ఉండాల్సిన వెచ్చదనం కన్నా బయట రోజూ ఎన్ని డిగ్రీలు తక్కువ ఉంటుందో నెలంతా కూడి, గదికి కావలసిన వేడి కట్టాను. అందులో సగానికి కొంచెం తక్కువ సూర్యుడే ఇస్తాడని తేలింది. డిజైన్ ఇంజనీరు ఒక్క అంకె దిద్దకుండా సంతకం పెట్టాడు.

పెట్టె బిగించాక, డిసెంబరు మొదటి శనివారం ఎండ బ్రహ్మాండంగా కాసింది. ఆ సాయంత్రం సుజాత ఫోన్ చేసింది.

“మధ్యాహ్నం రూమ్ సూపర్‌గా ఉందంకుల్. నేనొక్కదాన్నే కూర్చుని ఎంజాయ్ చేశాను. కానీ క్లాస్ ఐదింటికి కదా?”

ట్రాయ్‌లో డిసెంబరు సూర్యుడు సరిగ్గా ఆ వేళకే అస్తమిస్తాడు. పల్చని గోడల గదిలో వేడి ఎంతోసేపు ఆగదు. నెలకు ఎంత ఎండో చెప్పాను గాని, పిల్లలు ఎన్నింటికి వస్తారని ఒక్కసారైనా అడగలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

సోమవారం వెళ్లి తప్పు ఒప్పుకున్నాను. సుజాత కోప్పడలేదు, అదే ఇంకా కష్టంగా అనిపించింది. క్లాసు శని ఆదివారాలు పన్నెండున్నరకు మార్చానని వాట్సాప్ గ్రూప్‌లో పెట్టింది. వారాంతం పదింటిదాకా లేవని ఇళ్లన్నీ ఒక్కసారి గగ్గోలు పెట్టాయి. బిర్యానీ తిన్నాక పిల్లలు ఎలా ఆడతారని ఒక తండ్రి అడిగాడు. తినకముందే ఆడతారని సుజాత జవాబిచ్చింది. మబ్బు పట్టిన రోజులకు, కరెంటుతో గదిని వేడి చేసే చిన్న హీట్ పంపు కూడా పెట్టించాం. అది నా అంచనాలో మొదటే ఉండాల్సింది. ఆ చలికాలంలో ఒక్క పిల్లే మానేసింది, అదీ వాళ్ల నాన్నకు టెక్సస్‌లో ఉద్యోగం వచ్చి.

తరువాత నా ఫారం మార్చుకున్నాను. కప్పు ఏ దిక్కు అన్న ప్రశ్న రెండోదయింది. ఈ గదిలో ఎవరు, ఏ గంటకు ఉంటారన్నది మొదటిదయింది. మబ్బుల ఊళ్లో ఎండను అంచనా కట్టడానికి రికార్డులు ఉన్నాయి. మనుషులకు చలి ఏ గంటకు వేస్తుందో మాత్రం వాళ్లనే అడగాలి.