ఉనైజా పెద్దామె కోరిన ముసురు

2018 వేసవిలో నేను రియాద్‌లోని ఒక ట్రావెల్ ఆఫీసులో గ్రౌండ్ సూపర్‌వైజర్‌ని. మా వాడుకలో విమానం టికెట్టు తప్ప మిగిలినదంతా గ్రౌండే. హోటలు, కారు, ఓడ, చివరికి దారిలో ఎక్కడ ఆగాలన్నది కూడా మా సెక్షనే చూడాలి. మా దగ్గరకొచ్చే సౌదీ కుటుంబాలు వేసవికి ఎక్కువగా పోయే స్కాట్లాండులో ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ అడుగు పెట్టలేదు గానీ, అక్కడి పల్లె రోడ్లలో ఏది ఒంటి వరసో, ఎదురు బండికి దారివ్వడానికి తప్పుకునే జాగాలు ఎక్కడున్నాయో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ని.

ఆ జూలైలో ఎడారి మధ్య ఊరు ఉనైజా నుంచి సాలెహ్ అనే ఖర్జూర తోటల ఆసామి వచ్చాడు. మా దగ్గరకొచ్చే వాళ్లందరూ వాన లేని రోజులు చూసి పెట్టమంటారు. ఈయన మాత్రం వాన ఉన్న చోటే కావాలన్నాడు. వాళ్లమ్మను అక్కడి వాడుకలో ఉమ్ సాలెహ్, అంటే సాలెహ్ తల్లి అంటారు. ఆమె మోకాళ్లు అరిగిపోయి చక్రాల కుర్చీలో ఉంది. ఉనైజాలో వాన మొదలైందనుకునేలోపే వెలిసిపోతుంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తెరిపి లేని ముసురులో ఒక్కసారి కూర్చోవాలని ఆమె కోరిక. మాది అనంతపురం జిల్లా, ఇలాంటి కోరికను నాకెవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. స్కాట్లాండు పడమటి తీరంలో ఓబన్ అనే రేవు పట్నం ఖాయం చేసి, అక్కడ వానకు నాదీ పూచీ అని గొప్పగా చెప్పి పంపించాను.

ఆ ఏడు స్కాట్లాండుకు ఏం పోయేకాలం వచ్చిందో, ఒక్క చినుకు రాలలేదు. తిరుగు ప్రయాణం రెండు రోజుల్లో ఉందనగా బాషా ఫోను చేశాడు. బాషా వాళ్లింటి డ్రైవరు, రాయచోటి మనిషి. అక్కడ కూడా బండి అతనే నడుపుతున్నాడు.

"అన్నా, ఈడ ఎండ కాస్తాండాది. పెద్దామె నామింద గుర్రుగా ఉండాది, నేనేదో ఎండను మూటగట్టుకోనొచ్చినట్టు."

"ఏమంటోంది?"

"ఈ ఎండ మా తోటలోనే ఉండాది గదా, దీనికి విమానమెందుకు అంటాంది. మళ్లా ఇంత దూరం రాలేనని పొద్దున ఏడ్సింది గూడా."

ఆ మాటతో నాకు కూర్చోబుద్ధి కాలేదు. వాతావరణ పటాలు తెరిచి చూశాను. మరునాడు మబ్బంతా ఓబన్‌కు ఎదురుగా ఉన్న మల్ అనే దీవి కొండల మీద ఆగుతుంది, ఇవతలి ఒడ్డుకు రాదు. దీవికి ఓడ మీద పోవాలి. రిజర్వేషన్ చూస్తే రోజంతా అన్ని ఓడలూ ఫుల్. అయినా మనసొప్పక రేవులోని టికెట్టు కౌంటరుకు ఫోను చేశాను. అక్కడి ఆవిడ అంతా విని, ఇంతకీ చోటు బండికా, మనుషులకా అని అడిగింది. నిండింది కింద బండ్లు పెట్టే డెక్కు మాత్రమే. నడిచి ఎక్కేవాళ్లకు కావలసినంత చోటుంది, చక్రాల కుర్చీలను ముందుగా ఎక్కిస్తారు, ఓడ వచ్చే వేళకు అవతల దీవి బస్సు కాచుకుని ఉంటుంది. సౌదీ కుటుంబాన్ని బండి లేకుండా ఊహించే అలవాటు మా ఆఫీసులో ఎవరికీ లేదు మరి.

సాలెహ్ ససేమిరా అన్నాడు. తన తల్లిని ముక్కూమొహం తెలియని వాళ్లతో బస్సులో తిప్పడమేమిటని నామీదే లేచాడు. పక్క నుంచి పెద్దామె ఫోను లాక్కుంది. చిన్నప్పుడు లారీ వెనక కూర్చుని హజ్‌కు పోయినదాన్ని, నాకు బస్సేం ఖర్మ, ఓడ ఎన్నింటికో చెప్పు అంది. చెప్పాను.

మరునాడు రియాద్‌లో మధ్యాహ్నం బాషా నుంచి ఫోను వచ్చింది. దీవిలో బస్సు చేయెత్తిన చోటల్లా ఆగుతుందట. కొండ కింద ముసురు పట్టిన చోట డ్రైవరు వీళ్లను దింపి, తిరిగొచ్చేటప్పుడు ఎక్కించుకుంటానని వెళ్లాడట.

"గొడుగు పడితే తోసేసిందన్నా. ఆమె తడస్తాంది, ఆమెతో పాటు మేమంతా తడస్తాండాం. ఇను, వాన ఇనపడతాందా?"

ఫోను స్పీకరులో పెట్టాను. ఆఫీసంతా నా బల్ల చుట్టూ చేరింది. పని వదిలేశామని అరవడానికి గదిలోంచి బయటికొచ్చిన మా ఈజిప్టు మేనేజరు కూడా వచ్చి చెవి ఒగ్గాడు. వాన పడేటప్పుడు దేవుణ్ని వేడుకునే దుఆ ఫలిస్తుందని వాళ్ల నమ్మకం. ఉమ్ సాలెహ్ మా ఆఫీసులో ఎవరెవరున్నారో పేర్లు అడిగింది. ఒక్కొక్కరం చెప్పుకున్నాం, టీ ఇచ్చే బంగ్లాదేశ్ ఆయనతో సహా. అందరి పేరునా దుఆ చేసింది, రేవులో కౌంటరు ఆవిడ పేరు తెలుసుకోలేదని నన్ను మందలించింది. నాకు సంతోషం పట్టలేక కళ్లు తుడుచుకోవలసి వచ్చింది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఏ ఓడ గానీ, హోటలు గానీ నిండిపోయిందని మా స్టాఫు చెబితే అక్కడితో ఫైలు మూయనివ్వలేదు. దేనితో నిండిందో కనుక్కుని రమ్మనేవాణ్ని.