అన్నయ్య కోసం మోసిన పుస్తకాలు

నేను పర్చూరులో పంతులమ్మను. తెలుగు చెబుతాను. మా అన్నయ్య అక్కడికి కాస్త దూరంలో, మేం పుట్టిన ఊళ్లోనే మిరప, పత్తి వేస్తాడు. ఆ ఏడు మిరప విరగ్గాసింది. కోతలయ్యాయి. కాయంతా కళ్లంలో ఆరబోసి ఉండగా రెండు రోజులు తెరిపి లేకుండా వాన పడింది. పైన పట్టాలు కప్పినా నీళ్లు కిందనుంచి చేరాయి. మూడో రోజు పట్టా లాగితే ఎర్రటి కాయ తెల్లబడిపోయి, గుప్పున బూజు వాసన కొట్టింది. అన్నయ్య కాసేపు దాన్నే చూస్తూ నిలబడి, ఇంటికొచ్చి మంచమెక్కాడు. ఆ తర్వాత పొలం వైపు వెళ్లలేదు.

మొదటి వారం అలసట అనుకున్నాం. రెండో వారానికి గడ్డం గీసుకోవడం మానేశాడు. ఎవరు పలకరించినా "ఆఁ" అని ఊరుకునేవాడు. వదిన ఫోన్ చేసి ఏడ్చింది. నాకు తెలిసిన వైద్యం ఒక్కటే. శనివారం మధ్యాహ్నం బడి వదలగానే, బీరువాలోంచి ఒక కవితల పుస్తకం తీసుకుని బస్సెక్కాను.

మట్టి మీదా, రైతు మీదా రాసిన కవితలు. పిల్లలకు చదివి వినిపిస్తూ నేనే కళ్లు తుడుచుకున్న రోజులున్నాయి. మంచం పక్కన కుర్చీ వేసుకుని రెండు చదివాను. మూడోది మొదలుపెట్టగానే ఆగమన్నట్టు అన్నయ్య చెయ్యెత్తాడు.

"ఈయన ఎప్పుడన్నా కాయ కోశాడంటమ్మా?"

"నాకేం తెలుసన్నయ్యా."

"కోస్తే చేతులు మంటెక్కిపోతాయి. కంట్లో నలుసు పడ్డా తుడుచుకోలేం. ఆ సంగతి ఎక్కడా రాయలేదు" అని గోడ వైపు తిరిగాడు.

నాకు చర్రున కోపమొచ్చింది. పని మానుకుని బస్సెక్కి వస్తే, వినడానికి కూడా కష్టమా? కాఫీ తాగమని వదిన అంటున్నా ఆగకుండా, దొరికిన బస్సెక్కి వచ్చేశాను.

మా బళ్లో లెక్కల మాస్టారు ఒకాయన తత్త్వం పుస్తకాలు తెగ చదువుతారు. నా బాధ విని, "ఇది ఇవ్వండమ్మా, మనసు కుదుటపడుతుంది" అని ఒక లావుపాటి పుస్తకం తెచ్చిచ్చారు. దాన్ని అన్నయ్య మంచం మీద పెట్టి వచ్చాను. ఆశ్చర్యం, వారం తిరిగేసరికి సగం దాకా చదివాడు.

"ఆశ వదిలేస్తే దుఃఖం పోతుందంటున్నాడమ్మా."

"బాగా చెప్పాడు కదన్నయ్యా."

"నాకు తినాలని లేదు. చేను చూడాలని లేదు. ఎవరితోనూ మాట్లాడాలని లేదు. అన్నీ వదిలేసినట్టే కదా. మరి నేను బాగుపడ్డట్టేనా?"

వెటకారం కాదు. నిజంగానే అడిగాడు. పుస్తకాన్ని గబగబా సంచిలో కుక్కుకున్నాను. దాన్ని బస్సు కిటికీలోంచి విసిరేయాలన్నంత చిరాకు దారి పొడవునా వేధించింది.

తర్వాత గుంటూరు వెళ్లినప్పుడు మానసిక ఆరోగ్యం మీద ఒక పుస్తకం కొన్నాను. అట్ట మీద ఆ రెండు మాటలూ పెద్ద అక్షరాలతో ఉన్నాయి. అది చూడగానే వదిన ముఖం పాలిపోయింది.

"అమ్మాయ్, దీన్ని ఎవరన్నా చూస్తే ఇంకేమన్నా ఉందా? మీ అన్నకి పిచ్చెక్కిందని ఊరంతా చెప్పుకుంటారు."

"పాత పేపరు అట్ట వేద్దాం వదినా."

"పేపరేసినా లోపల అదే కదా ఉండేది!" అని దాన్ని తీసుకెళ్లి బియ్యం డ్రమ్ములో దాచేసింది.

ఇద్దరం గట్టిగానే అరుచుకున్నాం. చివరికి డ్రమ్ములోంచి తీసుకుని అరుగు మీద కూర్చుని నేనే చదివాను. ఇంగ్లీషు నుంచి తెలుగులోకి తెచ్చిన పుస్తకం. ఉద్యోగానికి కొన్నాళ్లు సెలవు పెట్టండి అంటుంది. పొద్దున్నే దగ్గర్లోని పార్కులో నడవండి అంటుంది. పార్కట! మా ఊళ్లో మనిషి నడవడానికి ఉన్నది పొలాలకు పోయే డొంక ఒక్కటే. ఆ డొంక చివరే పాడైపోయిన కాయ కుప్పగా పడి ఉంది. ఎవరి కోసం రాశారీ పుస్తకం అని తిట్టుకున్నాను. కానీ ఒక పేజీలో లక్షణాలు రాశారు. నిద్ర, తిండి, మాట, స్నానం. అన్నీ అన్నయ్యవే. ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించమని కింద రాసి ఉంది. అర్థం కాలేదని చెప్పను. అర్థమైంది. అయినా పేజీ తిప్పేశాను.

మళ్లీ శనివారం ఇంకో మూడు పుస్తకాలు పట్టుకెళ్లాను. ఈసారి డిటెక్టివ్ నవలలు, గుంటూరులో పాత పుస్తకాల కొట్లో ఏరినవి. అట్టల మీద కత్తులు, నెత్తురు. తెలుగు పంతులమ్మనైన నాకు వాటిని మోసుకెళ్లడం సిగ్గుగానే ఉంది. అన్నయ్య వాటిని చదివాడు. అన్నం తింటూ చదువుతున్నాడని వదిన ఫోన్ చేసింది. నాలుగో రోజు అన్నయ్యే చేశాడు.

"చూసుకుని కొనక్కర్లా? ఒకదానికి చివరి పేజీలు చింపేసున్నాయి! చంపిందెవడో ఎట్టా తెలుసుద్ది నాకు?"

మూడు నెలల తర్వాత అంత గట్టిగా మాట్లాడాడు. ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. "ఆ కొట్టుకే వెళ్లి అడుగుదాం, నువ్వు కూడా రా" అన్నాను. వస్తానన్నాడు. కొట్టుకు వెళ్లే రోజుకే గుంటూరులో ఒక మానసిక వైద్యుడి దగ్గర టైము తీసుకున్నాను. ఆ సంగతి అన్నయ్యకు చెప్పలేదు.

కొట్టాయన పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇది ఎప్పటిదోనండి, ఇంకోటి ఎక్కడ దొరుకుద్ది?" అన్నాడు. అక్కణ్నుంచి రెండు వీధులు నడిపించాను. బోర్డు చదివి అన్నయ్య ఆగిపోయాడు.

"పుస్తకమని చెప్పి ఇక్కడికా తెచ్చింది? నన్ను మోసం చేస్తావా?"

"అన్నయ్యా, ఒక్కసారి..."

"నాకేం పిచ్చి లేదు. పద, పోదాం."

"ఇంక నా దగ్గర పుస్తకాల్లేవన్నయ్యా!" అని నడివీధిలో అరిచేశాను. "ఏం తేవాలో తెలీట్లా. ఏది తెచ్చినా నువ్వు లేవట్లా. నా వల్ల కావట్లేదు!"

దారిన పోయేవాళ్లు ఆగి చూశారు. అన్నయ్య ఆసుపత్రి మెట్ల మీద కూలబడ్డాడు. తల దించుకునే నెమ్మదిగా అడిగాడు. "ఎంతసేపు పట్టుద్ది?"

డాక్టరు ముందు వాన గురించి, కాయ గురించి అడిగాడు. తర్వాత మామూలు గొంతుతోనే, "చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందాండి?" అన్నాడు. లేదంటాడనుకున్నాను.

"రెండు సార్లండి. మొదటిసారి, మా చెల్లెలు కవితలు చదివి వెళ్లిపోయిన రోజు. ఆ కవితల తప్పేం లేదు. అది వెళ్లాక ఇల్లు మరీ ఖాళీగా అనిపించింది."

రెండోసారి ఎప్పుడో నాకిప్పటికీ తెలియదు. ఆ రోజు కాఫీకి ఆగి ఉంటే బాగుండేది. ఊరికే పక్కన కూర్చున్నా సరిపోయేది. ఉత్త చేతులతో అన్నయ్య ఎదుట కూర్చోవడం నా వల్ల కాక, ప్రతి శనివారం ఒక పుస్తకం అడ్డం పెట్టుకున్నాను. చూపించాల్సిన చోటేమో రెండు గంటల ప్రయాణమే. మూడు నెలలు వృథా చేశాను. ఆ కోపం నా మీద నాకు ఇప్పటికీ చల్లారలేదు.

మాత్రలు వెంటనే పనిచేయలేదు. మొదటి మూడు వారాలు పడి నిద్రపోయాడు. వదిన నన్ను తిట్టింది. డాక్టరు మందు మార్చాడు. తొలకరికి అన్నయ్య చేలోకి దిగాడు గానీ, సగమే. సగంలో పత్తి వేసి, మిగతాది ఈ ఏటికి కౌలుకిచ్చేశాడు. మిరప ఊసెత్తితే లేచి వెళ్లిపోతాడు. మోసం చేసి తీసుకెళ్లానని నా మీద కోపం అలాగే ఉంది. పైకి అనడు, నాతో మాట్లాడేటప్పుడు ముఖంలోకి చూడడు.

మొన్న డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన రోజు దగ్గరపడితే సెలవు పెట్టుకుందామని ఫోన్ చేశాను. "నువ్వు రానక్కర్లా, మీ వదిన వస్తానంది" అన్నాడు. వదిన ఫోన్ అందుకుని, "అడిగినవాళ్లకి ఆసుపత్రికనే చెప్పాన్లే, ఏమనుకుంటారో అనుకోనీ" అంది. సంతోషించాల్సిన మాటే. ఆ రోజు వాళ్లిద్దరూ గుంటూరు బస్సెక్కారు. నేను స్టాఫ్ రూములో పిల్లల పరీక్ష పేపర్లు ముందేసుకుని కూర్చున్నాను గానీ, సాయంత్రం దాకా ఒక్కటీ సరిగ్గా దిద్దలేకపోయాను.