జాయినింగ్ తేదీ రాయించిన రోజు

మా ఇంజనీరింగ్ కాలేజీ గేటు పక్కన, హైవే మీద పోయేవాళ్ళకి కనిపించేలా ఒక ఫ్లెక్సీ ఉంది. మూడో వరుసలో ఎడమ నుంచి రెండో ఫోటో నాది. కింద ఒక కంపెనీ పేరు. ఆ కంపెనీలో నేను ఒక్క రోజు కూడా పనిచేయలేదు. ఉద్యోగం ఇచ్చారు, తర్వాత తీసేసుకున్నారు. కాలేజీ మాత్రం ఫ్లెక్సీ తీయలేదు.

జరిగిన క్రమంలోనే చెబుతాను. ఫైనలియర్‌లో ఆ కంపెనీ మా క్యాంపస్‌కి వచ్చింది. ఇంటర్వ్యూలైన మధ్యాహ్నమే, సెలెక్ట్ అయినవాళ్ళని సెమినార్ హాల్లో కూర్చోబెట్టి తలా ఒక అంగీకార పత్రం ఇచ్చారు. గంటలో సంతకం చేయాలి, లేకపోతే ఆఫర్ పోతుంది. ఇంట్లో అడిగి చెబుతానంటే హెచ్‌ఆర్ ఆయన నవ్వి, "ఇంట్లో అడగడానికి ఇవేమన్నా పెళ్ళిచూపులా తమ్ముడూ?" అన్నాడు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. చేరే తేదీ ఉండాల్సిన చోట 'తర్వాత తెలియజేస్తాం' అని ఉంది. అది చదివి మరీ సంతకం పెట్టాను. ఆ తప్పు నాది, ఇంకెవరి మీదా నెట్టను.

మా కాలేజీలో ఒకరికి ఒకే ఉద్యోగం అనే నియమం ఉంది. ఆ సాయంత్రమే ప్లేస్‌మెంట్ ఆఫీసర్ జాబితాలో నా పేరు కొట్టేశారు. తర్వాత వచ్చిన నాలుగు కంపెనీల ఇంటర్వ్యూలకీ నన్ను రానివ్వలేదు.

పర్చూరు దగ్గర మా ఊళ్ళో, ఆ ఆదివారం పాస్టరు గారు చర్చిలో నా ఉద్యోగం సంగతి చెప్పి ప్రార్థన చేయించారు. మా నాన్న మిరప చేలల్లో కూలికి వెళ్ళే మనిషి. ఎప్పుడూ వెనక కూర్చునేవాడు, ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందుకొచ్చి కూర్చున్నాడు. ఆ తర్వాత జాయినింగ్ మూడుసార్లు వాయిదా పడింది. ఐదు నెలల్లో పదకొండు మెయిళ్ళు రాశాను. రెండింటికి జవాబొచ్చింది, రెండింటిలోనూ ఒకటే వాక్యం: 'తర్వాత తెలియజేస్తాం.' చివరికి ఒక శుక్రవారం, ఆఫర్ ఉపసంహరించుకుంటున్నామని, నా భవిష్యత్తుకు శుభాకాంక్షలని మెయిల్ వచ్చింది. ఆ ఆదివారం నాన్న మళ్ళీ వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు. దీనికి ఎవరో ఒకరు బదులు చెప్పాల్సిందేనని నేను ఆ రోజే అనుకున్నాను.

గుంటూరు శివారులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో కంప్రెసర్లు చూసుకునే పని దొరికింది. అక్కడుండగా ప్లేస్‌మెంట్ ఆఫీసర్ ఫోన్ చేశారు.

"బాబూ, మీ కంపెనీ గురువారం మళ్ళీ వస్తోంది. సంతకాలకి ముందు జూనియర్లకి రెండు మాటలు చెప్పాలి. స్టేజీ మీద కూర్చోబెడతాం."

నేను అందులో చేరనేలేదని ఆయనకి తెలియదు. ఆయన రిజిస్టరులో సంతకం దాకానే గడులున్నాయి. చేరాడా లేదా అన్నదానికి గడి లేదు.

"తప్పకుండా వస్తానండి," అన్నాను.

గుంటూరు బ్రాడీపేటలో మెయిళ్ళన్నీ తేదీల వరుసలో ప్రింటు తీయించాను. పత్రంలో ఉండాల్సిన వాక్యం ఒకటి నేనే తయారుచేశాను: 'ఫలానా తేదీన చేర్చుకోకపోతే కంపెనీ కారణం రాసిస్తుంది, విద్యార్థి పేరు తిరిగి కాలేజీ జాబితాలో చేరుతుంది.'

మా చర్చి సంఘ పెద్ద గారి అమ్మాయి అదే కాలేజీలో ఫైనలియర్. విషయం చెబితే భయపడింది.

"నాకీ ఉద్యోగం కావాలన్నయ్యా. ఇంట్లో పెళ్ళి మాటలు మొదలుపెట్టారు. కంపెనీవాళ్ళకి కోపమొచ్చి లేచెళ్ళిపోతే నా గతేంటి?"

నిజానికి వాళ్ళు లేచి వెళ్ళిపోవాలనే నాకుంది.

గురువారం వచ్చింది ఆ హెచ్‌ఆరే. నన్ను గుర్తుపట్టలేదు. "ఏ ప్రాజెక్టులో ఉన్నావ్ తమ్ముడూ?" అనడిగాడు.

"మిర్చి ప్రాజెక్టండి," అన్నాను. తలూపాడు.

హాల్లో సెలెక్ట్ అయినవాళ్ళు నలభై ఒక్కమంది, చేతుల్లో పత్రాలు. మైకు తీసుకుని పెళ్ళిచూపుల మాట దగ్గర్నుంచి శుభాకాంక్షల దాకా వరసగా చెప్పి, చివర్లో నేను తయారుచేసిన వాక్యం చదివాను. వెనక నుంచి ప్లేస్‌మెంట్ ఆఫీసర్ నా చొక్కా లాగుతున్నారు, "ఒరేయ్, దిగరా బాబూ, పరువు పోతోంది."

హెచ్‌ఆర్ లేచాడు. "ఆ ఏడాది ప్రాజెక్టులు రాలేదు. మార్కెట్ పరిస్థితి అలా ఉంది."

"మార్కెట్ సంగతి అడగట్లేదండి. వీళ్ళ తేదీ అడుగుతున్నాను."

ఆయన వాచీ చూసుకున్నాడు. "ఇష్టమున్నవాళ్ళు సంతకం చేయండి. గంట టైము. మిగతావాళ్ళు వెళ్ళొచ్చు."

ఎవరూ కదల్లేదు. ఆయన బ్యాగు సర్దుకుని కారెక్కుతాడని ఆశగా చూస్తున్నాను. అప్పుడు సంఘ పెద్ద గారి అమ్మాయి లేచింది.

"సార్, నాకు ఉద్యోగం కావాలి. చేరే తేదీ, అన్నయ్య చదివిన ఆ వాక్యం రాయండి. ఇప్పుడే సంతకం పెడతాను."

వెనక బెంచీ నుంచి ఎవడో అరిచాడు. "పెళ్ళిచూపులైపోయాయి సార్, ముహూర్తం పెట్టండి!"

ఈసారి హాలు ఆయన్ని చూసి నవ్వింది. పత్రం హెడ్డాఫీసు నుంచి వస్తుందని, తను మార్చలేనని ఆయన అన్నాడు. "చేత్తో రాయండి సార్," అంది అమ్మాయి. నలభై ఒక్క పెన్నులూ బల్లల మీదే ఉన్నాయి. సాయంత్రానికి ఎంతమంది చేరుతున్నారో ఆయన పైవాళ్ళకి చెప్పాలి. వరండాలోకి వెళ్ళి ఫోన్ చేశాడు. ఇరవై నిమిషాల్లో అనుమతి వచ్చింది. నా పదకొండు మెయిళ్ళకి ఐదు నెలలు దొరకని మనిషెవరో ఇరవై నిమిషాల్లో దొరికాడు.

ఆయన రాయడం మొదలుపెట్టాడు. రాసిన పత్రాలు పిల్లలు నేరుగా నా దగ్గరికి తెచ్చారు, చూసి చెబితేనే సంతకం పెడతామని. నేను ఆయనకెదురుగా కుర్చీ వేసుకున్నాను. ఆరో దాంట్లో 'కారణం' అన్న మాట లేదు, వెనక్కి పంపాను. ఆయన కోసం తెప్పించిన బిర్యానీ పక్కనే చల్లారిపోతోంది.

"నీకేం కావాలి తమ్ముడూ? సారీ చెప్పమంటావా?" అన్నాడు తలెత్తకుండా.

"వద్దండి. పదిహేడో దాంట్లో నెల వేయలేదు."

చివరి పత్రం అమ్మాయిది. రెండుసార్లు చదువుకుని సంతకం పెట్టింది. నేను జన్మలో క్షమించని కంపెనీలో మా సంఘం పిల్ల చేరబోతోంది. అది నాకు నచ్చలేదు. నా మొహం చూసి ఆ సంగతి పసిగట్టింది.

"నీ పగ నీది, నా ఉద్యోగం నాది. ఇక చాలన్నయ్యా, ఇంటికెళ్ళు," అంది.

హెచ్‌ఆర్ పెన్నుకి మూత పెట్టబోతున్నాడు. కాలేజీకి కూడా ఒక్కో ప్రతి ఉండాలని గుర్తుచేశాను.

"జెరాక్స్ తీయిద్దాం," అన్నాడు.

"జెరాక్స్ చెల్లదండి," అన్నాను. చెల్లుతుందో లేదో నాకు నిజంగా తెలియదు. ప్లేస్‌మెంట్ ఆఫీసర్ నా వైపు చూసి, ఏమనుకున్నారో, బీరువాలోంచి కంపెనీ పంపినవాటిలో మిగిలిన ఖాళీ పత్రాల కట్ట తీసి హెచ్‌ఆర్ ముందు పెట్టారు. ఆయన మొదటి పత్రం దగ్గరికి లాక్కున్నాడు.