గాజుపలక మీద తాళంచెవి

ఈ రోజు ఉదయం మా ల్యాబులో రత్నమ్మగారి మీద కేకలేశాను. తాడేపల్లిగూడెం కాలేజీలో నేను కెమిస్ట్రీ చెబుతాను, ఆవిడ గదులు శుభ్రం చేస్తారు.

నా దగ్గర రీసెర్చి చేస్తున్న సునీత ఒక లిక్విడ్ క్రిస్టల్ పదార్థాన్ని తయారుచేసి గాజుపలక మీద పూతగా వేసింది. అతినీలలోహిత దీపం కింద అది ఆకుపచ్చగా మెరుస్తుంది. ఎండ తగిలితే మెరుపు పోతుంది, ఎక్కువసేపు తగిలితే తిరిగి రాదేమోనని నా భయం. అందుకే కిటికీకి నల్లతెర కట్టాం. తడినేల త్వరగా ఆరుతుందని రత్నమ్మగారు ఆ తెర తీసేశారు.

“నా వల్ల పాప చదువు పాడైపోయిందాండీ?” అని ఆవిడ ఏడ్చేశారు.

సునీత పలకను దీపం కింద పెట్టింది. పలకంతా నల్లగా ఉంది, మధ్యలో మాత్రం ఆకుపచ్చగా ఒక తాళంచెవి! నేల తుడుస్తూ రత్నమ్మగారు ల్యాబు తాళంచెవిని దాని మీద పెట్టారట. ఎండ తగలని ఆ కాస్త చోటే పళ్లతో సహా అచ్చు దిగింది.

“ఏం పాడవ్వలేదండీ. కాస్త వేడిచేస్తే మళ్లీ మెరుస్తుంది. ఎండతో ఇంత చక్కగా బొమ్మ వస్తుందని నాకే తెలీదు,” అంది సునీత.

“అయితే ఇవాళ్టికి చెరపకమ్మా,” అన్నారు రత్నమ్మగారు కళ్లు తుడుచుకుంటూ.

నేను క్షమించమని అడిగాను. “పోనీలెండి మాస్టారూ, మీ కంగారు మీదండీ,” అన్నారు.

ముందు అరిచి తర్వాత చూసే అలవాటు నాకొక్కడికేనా, మీలో ఇంకెవరికైనా ఉందా?