దూలాలు తెచ్చినవాళ్ళ పేర్లు

తొంభైల్లో, విశాఖ రేవు దగ్గరి ఒక పాత చర్చి చరిత్ర మీద ఐదేళ్ళు పరిశోధన చేశాను. ఇంగ్లీషులో రాసి బైండు చేయించిన ఆ లావుపాటి పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్మన్నపాలెంలో బస్సెక్కాను. ఉక్కునగరంలో చేపలమ్మి తిరిగెళ్తున్నట్టుంది, ఖాళీ తట్టతో ఒక పెద్దావిడ పక్కన కూర్చుంది.

"ఏటమ్మా, అంత లావుంది?" అంది.

చెప్పాను. చర్చి కప్పుకి ఓడలో వచ్చిన టేకు దూలాలను ఒడ్డుకు చేర్చింది జాలర్లేనని, వాళ్ళ పేర్లు పాత రిజిస్టరులో దొరికాయని కూడా చెప్పాను.

ఆవిడ గభాలున నావైపు తిరిగింది. "పేర్లున్నాయా? సదువమ్మా, సదువు!"

పోలయ్య, ఎల్లయ్య, నూకయ్య... మూడో పేరుకే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మా పేట పేర్లే! మావోల్లే తెచ్చినారని మా తాత సెప్పేవోడు. ఉత్త కతనుకున్నాం!"

ముందు సీట్లవాళ్ళు వెనక్కి తిరిగారు. గొంతు పెంచి మళ్ళీ మొదట్నుంచీ చదివాను. నా పరిశోధన విని అంతవరకూ ఎవరి ముఖమూ అలా వెలగలేదు.

"ఇది తెలుగులో ఉందా?"

"లేదమ్మా."

"మరి మాకెలాగ తెలుస్తాది?"

అంతలో స్టాపు వచ్చింది. ఆవిడ పాత పోస్టాఫీసు దగ్గర దిగిపోయింది. నేను ఆవిడ పేరైనా అడగలేదు.

రెండు నెలలు కూర్చుని అదంతా తెలుగులో రాశాను. ఒక ఆదివారం ప్రార్థనయ్యాక, చర్చి మెట్ల మీద నిలబడి చదివాను. కబురు తెలిసి జాలరిపేట నుంచి కూడా జనం వచ్చారు. నూకయ్య పేరు రాగానే ఇద్దరు ముసలాళ్ళు లేచి, "మా ముత్తాత" అంటే "మా ముత్తాత" అని పోట్లాడుకున్నారు.