టంకశాలా, టెంకాయల అంగడా?

నిన్న కౌంటరు అద్దం మీద ఎవరి చేతిలోంచో వంద ఫిల్సుల నాణెం జారిపడింది. గిరగిరా తిరిగి, టింగుమని చప్పుడు చేసి పడుకుంది. అందరూ కార్డులే గీకుతున్న ఈ రోజుల్లో ఆ చప్పుడు విని చాలాకాలమైంది. వినగానే నా నోట్లోంచి "అయ్యో రామా, మళ్లీ మొదలా!" అని వచ్చేసింది. పక్క సీటులో కొత్తగా చేరిన అమ్మాయి నన్ను వింతగా చూసింది. ఆమె కూర్చున్న కుర్చీలోనే నరసింహం సారు కూర్చుని ఏళ్ల తరబడి నా ప్రాణం తోడేశారని ఆ పిల్లకేం తెలుసు!

ఈ అరబ్బు దేశంలో, అబూ హలీఫాలో మాది టైపింగ్ సెంటరు. ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కాగితాలు, పనిలో పెట్టుకున్న యజమానిని, అంటే కఫీల్‌ను మార్చుకునే అర్జీలు అరబ్బీలో టైపు చేసిస్తాం. సారు మా మేనేజరు, గోదావరి మనిషి. ఒళ్లు ఇక్కడున్నా ఆయన మనసు మాత్రం పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో ఉండేది. అక్కడొక ఖగోళ శాస్త్రవేత్త ఉండేవాడట. చుక్కల కోసం ఓడెక్కి భూమికి ఆ కొసదాకా వెళ్లి, దుర్భిణికి కన్నంటించి కూర్చున్న మహానుభావుడు. ఆయన నడివయసు దాటాక దేశానికంతా నాణేలు ముద్రించే టంకశాలకు అధిపతిగా వెళ్లాడట. ఆయన ఉత్తరాలు ఇంటర్నెట్టులో కుప్పలుగా దొరుకుతాయి. వాటిలో కొన్ని ఏరి తెలుగులో పుస్తకం వేయాలని సారు పంతం. ఆయన చెబుతుంటే నేను టైపు కొట్టాలి. డేటా ఎంట్రీ అని జగిత్యాల నుంచి వచ్చినదాన్ని, పోయిపోయి దొరగారి ఉత్తరాల్లో పడ్డాను.

"జనం నిలబడ్డారు సార్" అంటే, "ఆయనదీ ఇదే బాధ పద్మా! చుక్కలు చూసుకోవాల్సిన మనిషిని నాణేల దగ్గర కూర్చోబెట్టారు. నన్నేమో ఇఖామాల దగ్గర" అనేవారు.

"వీళ్లను పంపించేశాక ఇద్దరూ కలిసి బాధపడండి" అన్నానొకసారి. కోపం తెచ్చుకోలేదు, పైగా కళ్లజోడు తుడుచుకుంటూ నవ్వారు. అందుకే నాకు ఇంకా మండింది.

అసలు తంటా అంతా ఆ టంకశాల అనే మాటతో వచ్చింది. రాయచోటి నుంచి వచ్చి ఇక్కడ ఒక ఇంట్లో పనిచేసే ఓబులమ్మ తన కాగితాల కోసం వచ్చినప్పుడు, సారు ఆమెను కూర్చోబెట్టి టీ ఇచ్చి ఒక ఉత్తరం చదివి వినిపించారు. ఆమె శ్రద్ధగానే విని, "అంతా బాగుండాది గానీ సార్, అంత చదువుకున్న ఆయప్ప టెంకాయల అంగడి ఎందుకు పెట్టినాడు?" అంది.

నేను పొట్ట పట్టుకుని నవ్వాను. సారు నవ్వలేదు. "మన పుస్తకం ఇప్పుడే పరీక్ష తప్పిందమ్మా. కొట్టేయ్, ఆ మాట ఎక్కడుంటే అక్కడ కొట్టేయ్" అన్నారు. 'నాణేల కొట్టు' అని మార్పించారు. ఓబులమ్మ మళ్లీ వచ్చి, "కొట్టు కొట్టు అంటాండావు, ఎవర్ని కొట్టాల సార్?" అంది. ఆమెకు షాపు అంటే అంగడి, నాకు దుకాణం, ఆయనకు కొట్టు. చివరికి ఆమే విసుక్కుని, "కాసులు కొట్టే చోటు అని చెప్పరాదా!" అంది. సారు లేచి నిలబడి ఆమెకు దండం పెట్టారు. హమ్మయ్య అనుకున్నాను. వారం తిరక్కుండానే, "కాసులంటే మెడలో వేసుకునే కాసులనుకుంటారేమో, కొట్టేయ్" అన్నారు. ఒళ్లు మండిపోయింది నాకు.

ఓబులమ్మ కాగితాల దగ్గరా ఇదే వరస. "ఇక్కడ సంతకం పెట్టక్కా" అని నేను వేలు చూపిస్తే ఆయన కాగితం లాక్కున్నారు. "అందులో ఏముందో ఆవిడకు తెలిసిందా?" అన్నారు.

"మామా బయట కార్లో ఉంది సార్, అరుస్తాది" అని ఓబులమ్మ గింజుకుంది. ఇంటి యజమానురాలిని ఆమె పిలిచే పిలుపది.

"అరవనీ" అన్నారు. అరబ్బీలో ఉన్నదంతా ఆమె మాటల్లోకి మార్చి చెప్పి, ఆమె చేత తిరిగి చెప్పించుకున్నాకే పెన్ను ఇచ్చారు. బయట హారన్ మోగుతూనే ఉంది, లోపల నా వెనక జనం గొణుగుతూనే ఉన్నారు.

ఆ తర్వాత ఆయన తెర మీదికి మరీ వంగి చదవడం మొదలుపెట్టారు. పక్కన నిలబడ్డ మనిషి కనపడక ఢీకొట్టేవారు. ఆసుపత్రి నుంచి వచ్చి, "నీటికాసులట పద్మా. పోయిన చూపు తిరిగి రాదట, ఉన్నది కాపాడుకోవాలట. చూశావా, ఆయనకు చేతిలో కాసులు, నాకు కంట్లో కాసులు" అన్నారు.

"హాస్యమా సార్ ఇది?" అని అరిచాను. "ఉన్న చూపు ఉండగానే పుస్తకం ముగించండి. మీ కళ్లతో మీరు చదువుకోవద్దా? ఏదో ఒక మాట ఉంచేసి అచ్చుకివ్వండి!"

"ఏదో ఒక మాటా?" అన్నారు, నేనేదో తిట్టినట్టు. మళ్లీ మొదటి ఉత్తరం తెరిపించారు.

చుక్కల మందు వేసుకుంటూ, కళ్లు మూసుకుని చెబుతూ, కొట్టేయిస్తూ ఉండగానే చూపు జారిపోయింది. ఉద్యోగం ఖలాస్. అమలాపురం వెళ్లిపోయారు. మిగిలిన ఉత్తరాలు శుక్రవారాల్లో ఫోన్లో చెప్పారు. నేను తిట్టుకుంటూనే కొట్టాను. ఇప్పుడు నేనూ కాగితంలో ఏముందో చెప్పకుండా ఎవరికీ పెన్ను ఇవ్వను. బయట ఎన్ని హారన్లు మోగినా సరే. పక్క సీటు అమ్మాయి నన్ను చూసి పళ్లు కొరుకుతుంది, పాపం.

పుస్తకం అచ్చయి వచ్చింది. మొదటి ప్రతి ఆయన చేతికి అందాక ఫోన్ చేశారు. "వాసన బాగుంది, నువ్వు చదువు" అన్నారు. చివరి ఉత్తరం దాకా చదివాను. ఆరోగ్యం చెడి ఆ శాస్త్రవేత్త ఉద్యోగం వదులుకున్నాక రాసినది. తిరిగి తిరిగి చివరికి నిలిచిన ఓబులమ్మ మాట, 'కాసులు కొట్టే చోటు' అన్న దగ్గర అలవాటు కొద్దీ ఆగాను.

"కొట్టేయనా సార్?" అన్నాను, ఆటపట్టిద్దామని.

"వద్దమ్మా, ఉండనీ" అన్నారు.

ఫోన్ పెట్టేసి వెక్కివెక్కి ఏడ్చాను. ఆ ఒక్క మాట కళ్లున్నప్పుడు అనడానికి ఏమొచ్చింది ఆయనకు!